నాన్న కళ్ళజోడు పెట్టుకుని చదవవలసిన కాగితం

పతేరోస్ ఊరు, ఏటివాడ కాపురస్తుడు, కీర్తిశేషులు ఫోర్తునాతో మన్లాపిగ్ గారి రెండో కొడుకు, లోపల పిల్ల కట్టేదాకా పొదిగి, ఉడకబెట్టి తినే బాతుగుడ్ల వ్యాపారి, యాభై రెండేళ్ళవాడు, పెళ్ళాం పిల్లలు లేనివాడు అయిన ఎలిసేయో మన్లాపిగ్ అనే నేను, బుద్ధి చెదరకుండా, చుక్క ముట్టకుండా, ఎవరూ వెనక నిలబడి బెదిరించకుండా, నా చేతి రాతతో రాసుకుంటున్న ఆఖరి మాట ఇది. నా బుద్ధి మీద అనుమానం ఉన్నవాళ్ళు మా అన్న ఆర్తేమియోని అడగండి. వీడి బుర్ర పనిచేస్తుంది కాబట్టే నాకు నిద్ర పట్టదని అతనే ఊరంతా చెప్పుకుంటాడు.

వచ్చే సోమవారం డాక్టర్లు నా ఛాతీ తెరుస్తారట. లోపల ఒక తలుపు సరిగ్గా మూసుకోవడం లేదట. గుడ్డుని బల్బు ముందు పెట్టి చూసినట్టు నన్నూ చూస్తారన్నమాట. మంచి గుడ్డయితే తిరిగొస్తాను, వచ్చి ఈ కాగితం చించేస్తాను. కాకపోతే కింద రాసినట్టు జరగాలి.

దీన్ని ఏ అటార్నీ దగ్గరా టైపు చేయించలేదు. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా సొంత చేత్తో రాసి, తేదీ వేసి, సంతకం పెడితే మన చట్టం ఒప్పుకుంటుంది. కొట్టేసిన చోటల్లా, ఇరికించిన చోటల్లా పక్కన నా పూర్తి సంతకం ఉంటుంది. సంతకం లేని దిద్దుబాటు కనిపిస్తే అది నాది కాదు. ఎవరిదో వెతకడానికి ఎక్కువ దూరం పోనక్కర్లేదు.

ఒకటి. నా శవజాగరణలో వేరుశనగలు, బిస్కెట్లు, కాఫీ, పేకాట, అన్నీ మామూలుగానే ఉండాలి. ఓడిపోయినవాడు నన్ను తిట్టుకోవచ్చు. పన్సిత్ మాత్రం వడ్డించకూడదు. ఎవరైనా గిన్నెతో మోసుకొస్తే, ఎంత మంచి నూడుల్సు అయినా సరే, నిమ్మకాయలతో సహా గుమ్మంలోంచే వెనక్కి పంపించాలి. కారణం మూడో అంశంలో ఉంది.

రెండు. నాన్న స్థలంలో నా వాటాకు వచ్చిన నడిమి భాగం, దాని మీదున్న గుడ్లు పొదిగే షెడ్డు, అటక, గుడ్లకు వెచ్చదనం కోసం వడ్లు వేయించే పొయ్యి, వెదురు బుట్టలు, గుడ్లు చూసే బల్బు పెట్టె, గోడకు కొట్టిన మేకులతో సహా, మా అక్క ఇలుమినాదా మన్లాపిగ్‌కు, అంటే మన లూమింగ్‌కు, పూర్తి హక్కుతో చెందాలి. అమ్ముకున్నా ఉంచుకున్నా ఆమె ఇష్టం. ఇందులో మా అన్న ఆర్తేమియోకి ఒక్క బుట్ట లేదు, ఒక్క మేకు లేదు, వాన కురిసినప్పుడు చూరు కింద నిలబడే హక్కు కూడా లేదు.

(నడిమి భాగం అంటే ఏది: తూర్పున ఆర్తేమియో అమ్మేసిన ముందు భాగపు గోడ, పడమట అక్క వాటాకు పడిన ఏటి ఒడ్డు చెక్క, ఉత్తరాన ప్రార్థనా మందిరం సందు, దక్షిణాన మురుగుకాలవ. ఈ నాలుగు హద్దులూ తరవాత ఇరికించినవి. మొదట ‘నా భాగం’ అని రాసి ఊరుకున్నాను. గుడి పాటల బృందం పెద్ద పూరా గారు చదివి, ఏ భాగమయ్యా, నీ గుండెలో పాడైన భాగమా, అని అడిగింది. ఇరికించిన చోట నా పూర్తి సంతకం: ఎలిసేయో మన్లాపిగ్.)

నేను ఈ కాగితం రాయకుండా పోతే చట్టం నా భాగాన్ని అన్నకీ అక్కకీ చెరి సగం చేస్తుంది. సగం షెడ్డులో గుడ్లు పొదగవు. సగం అటక మీద మనిషి పడుకోలేదు. అక్కకు ఉన్న గూడు అదొక్కటే. దాని కోసమే ఈ కాగితం. మిగతాదంతా నా నోటి తీట.

మూడు. ఆ గూడు అదొక్కటే ఎందుకయిందో ఇక్కడ రాసి పెడుతున్నాను. దీన్ని చదివే జడ్జి గారికి తెలియాలి. మా అన్నకి తెలుసు, అయినా ఇంకోసారి వినాలి.

నాన్న మంచాన పడ్డప్పుడు ఆయన ఒంటిని తుడిచింది అక్క. పొద్దున షెడ్డులో బుట్టలు మార్చి, మధ్యాహ్నం నాన్నను పక్కకు తిప్పి, మళ్ళీ బుట్టల దగ్గరికి పరిగెత్తేది. ఆమెకొచ్చిన సంబంధాలన్నీ మా షెడ్డు ఊకలో కలిసిపోయాయి. అది చూసే నాన్న తేల్చి చెప్పాడు: ముందున్న ఇల్లు, నడుమ షెడ్డు లూమింగ్‌కి, కొడుకులిద్దరికీ చట్టం ఇవ్వమన్నంత ఏటి ఒడ్డు చెక్క. నాకు ఆ చెక్క చాలు. చేపలకి గాలం వేసుకుంటానన్నాను. అన్న తల ఊపాడు. తల ఊపడం వేరు, ఒప్పుకోవడం వేరు అని నాకు అప్పుడు తట్టలేదు.

వీలునామా రాయడానికి అన్న తన స్నేహితుడు అటార్నీ సెలెదోనియో అబ్వేవాని తీసుకొచ్చాడు. ఈయన ఎలా రాస్తాడంటే, రాయడు. మలబోన్‌లో ఎవరో విధవరాలికి ఎప్పుడో రాసిన వీలునామా ఆయన కంప్యూటర్లో ఉంది. అందులో పేర్లు మార్చి, ఊరు మార్చి, అచ్చు తీసి పట్టుకొచ్చాడు. మా అమ్మ చీకటితో లేచి వండే అన్నం కూడా అంత తొందరగా దిగేది కాదు.

సంతకాల రోజున అన్న పెద్ద గిన్నెడు పన్సిత్ తెప్పించాడు. అటార్నీ, ఆయన తెచ్చుకున్న ముగ్గురు సాక్షులు, చుట్టూ మేము. నాన్న దిండుకు ఆనుకుని కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఆయన ప్రతి గుడ్డునీ వెలుతురుకి పెట్టి చూసే చేతుల మనిషి. కాగితాన్ని కూడా కిటికీ వైపు ఎత్తి పట్టుకున్నాడు. నేను పక్కన చేరి మొదటి పుట చదవబోయాను. అన్న నా మోచెయ్యి పట్టుకుని, ‘ఏరా, అటార్నీ గారు ఎదురుగా కూర్చుంటే కాగితం వెతుకుతావా? ఆయన్ని దొంగంటున్నావా? సిగ్గుండాలి’ అన్నాడు. మన ఊళ్ళో ఆ ఒక్క మాట చాలు. పెద్దమనిషి ముందు కాగితం చదవడం అంటే ఆయన జేబు తడిమినట్టే కదా. గదిలో అందరూ నేల చూపులు చూశారు. అటార్నీ గారు చిన్నగా దగ్గి, ‘పరవాలేదు, చదువుకోనీండి’ అన్నాడు, చదివితే చూస్తాను అన్నట్టు.

అప్పుడు అన్న ఏం చేశాడో నేను చచ్చినా మర్చిపోను, చచ్చాక ఈ కాగితం మర్చిపోదు. నాన్న ముక్కు మీదున్న కళ్ళజోడు మెల్లిగా, ఎంతో ప్రేమగా తీశాడు. మడిచి తన జేబులో పెట్టుకున్నాడు. నాన్నకి ఒక చేతిలో ఫోర్కు, ఇంకో చేతిలో పెన్ను పెట్టాడు. ‘పన్సిత్ చల్లారిపోతోంది నాన్నా, ముందు సంతకం పెట్టేయ్’ అన్నాడు. నాన్న కళ్ళజోడు లేకుండా, వేలు ఆనించి చూపించిన చోటల్లా సంతకం పెట్టాడు. కాగితం ఎడమ అంచున నూనె మరకలు ఇప్పటికీ ఉన్నాయి.

నాన్న పోయాక ఆ వీలునామా కోర్టుకెక్కింది. ఎక్కించింది అక్క, నమ్మకంతో. కొట్టేయించింది అన్న. చివర సాక్షులు చెప్పే మాటల్లో ఈ వీలునామా ఇన్ని పుటలు అని రాయాలి. మధ్యలో ఎవడూ ఒక పుట దూర్చకుండా, ఒక పుట లాగేయకుండా ఆ కట్టుబాటు. ఆ అంకె ఉండాల్సిన చోట ఖాళీ ఉంది. అటార్నీ గారు తరవాత పూరిద్దామని ఒక గీత వదిలేశాడు, ఆ గీత అలాగే ఉండిపోయింది. కాగితంలో ఇంకెక్కడా పుటల లెక్క లేదు. అది చాలదన్నట్టు, ఇల్లూ షెడ్డూ లూమింగ్‌కి అని చెప్పే వాక్యం చివర చుక్క లేదు. చుక్క లేని వాక్యం ఆగకుండా పోయి పోయి మలబోన్ విధవరాలి చేపల చెరువులో పడింది. నాన్న జన్మలో చూడని చెరువు! జడ్జి గారు పైకి చదివితే కోర్టులో నవ్వారు. అక్క నవ్వలేదు. వీలునామా చెల్లదన్నారు.

చెల్లకపోతే ముగ్గురికీ సమానం. చీట్లు తీస్తే ముందు భాగం అన్నకి పడింది. నెల తిరక్కుండా ట్రైసికిళ్ళు బాగుచేసేవాడికి అమ్మేశాడు. వాడు తన హద్దు వరకూ గోడ కట్టాడు. ఆ గోడ సరిగ్గా అక్క పొయ్యి ఉన్న చోటి మీదుగా పోయింది. అమ్మ వండిన పొయ్యి అది. ఏటి ఒడ్డు చెక్క అక్కకి పడింది. ప్రతి వానాకాలం ఏరు వచ్చి దాన్ని అక్క కంటే ముందు వాడుకుంటుంది. అందుకే అక్క నా షెడ్డు అటక మీద పడుకుంటోంది, వడ్లు వేయించే పొయ్యి మీద అన్నం వండుకుంటోంది.

తీర్పు రోజున మెట్ల మీద అటార్నీ గారు నా భుజం తట్టి, ‘ఒక్క ఖాళీయే కదా ఎలిసేయో. మనుషులం. జరుగుతుంటాయి’ అన్నాడు. జరిగింది నీకు కాదయ్యా, మా అక్కకి. ఒక్క గుడ్డు మురిగితే కొన్నవాడు దాన్ని నా గుమ్మానికేసి కొడతాడు. నువ్వు ఒక ఇంటినే మురగబెట్టావు, నీ గుమ్మం ఇంకా తెల్లగానే ఉంది.

నాలుగు. సదరు అటార్నీ సెలెదోనియో అబ్వేవా గారికి మా షెడ్డు నుంచి ఒక బాతుగుడ్డు. దీన్ని బల్బు ముందు పెట్టి ఎవరూ చూడలేదు. చూడకూడదు. లోపల పిల్ల ఉందో, పచ్చసొన ఉందో, ఇంకేం ఉందో దేవుడికి తెలుసు. ఆయన తన పద్ధతి ప్రకారం, పరిశీలించకుండా, నలుగురి ముందు, ఉప్పు చల్లుకుని తినాలి. తినడానికి వెనకాడితే, ‘అటార్నీ గారూ, మమ్మల్ని అనుమానిస్తున్నారా?’ అని మాత్రం ఎవరైనా అడగండి.

ఐదు. మంగలి లియోన్‌సియో గారికి, అంటే ఓన్యోంగ్‌కి, నా రేడియో, నా పొమేడు డబ్బాలు రెండు. ఒకటి కొత్తది. పాసిగ్‌లో ఒక విధవరాలు తన మీద మనసు పడిందని ఓన్యోంగ్‌కి ఉత్తరాలు వచ్చిన రోజుల్లో ఆయన తలకు రాసుకున్న పొమేడుకు ఈగలు జారిపడేవి. పడవల రేవులో ఆదివారం పూట నిలబడీ నిలబడీ, చివరికి నాలుగో ఉత్తరంలో ‘గుడ్డు’ అన్న మాట దగ్గర రాత పట్టేశాడు. కత్తి పట్టుకుని మా షెడ్డుకి వచ్చి, ‘నా విధవరాలు నువ్వేనట్రా!’ అని అరిచాడు. ఆ ఉత్తరాలు ఇప్పటికీ దాచుకున్నాడు. పారేయమంటే, ‘నీకేం తెలుసురా, అంత బాగా నాకెవరూ రాయలేదు’ అంటాడు. ఆయనకి నా రాత తెలిసినంతగా నాకే తెలియదు.

ఆరు. గుడి పాటల బృందానికి పెద్ద పూరిఫికాసియోన్ గారికి, అందరికీ పూరా గారికి, నా పెద్ద గొడుగు, నా క్షమాపణ కాదు. రేడియో పోటీకి మీ బృందం ఎంపికైందని నేను రాసిన ఉత్తరం నమ్మి పదకొండు మందికీ ఊదారంగు గౌన్లు కుట్టించింది. నిజం తెలిశాక ఆ గౌన్లు వేసుకునే నా గుమ్మం ముందు నిలబడి, శవం దగ్గర పాడే పాటలన్నీ వరసగా పాడించింది. అంత మంచి జవాబు నాకు ఎవరూ ఇవ్వలేదు. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత ఆమెది. ఆమె అన్నీ లెక్కపెడుతుంది: పాటల పుస్తకాలు, కొవ్వొత్తులు, కానుకపళ్ళెంలో వేయనివాళ్ళ మొహాలు. నా పుటలూ లెక్కపెడుతుంది.

ఈ కాగితం ఇక్కడిదాకా అక్క, ఓన్యోంగ్, పూరా గారు ముగ్గురూ షెడ్డులో కూర్చుని, నా ఎదురుగా, నా మొహం చూస్తూ, ఒకరి తరవాత ఒకరు పైకి చదివారు. ఎవరికీ సిగ్గు వేయలేదు. నాకూ అవమానం కాలేదు. అదేం వింతో! ఓన్యోంగ్ చుక్కలు చూశాడు, పూరా గారు అంకెలు చూసింది. అక్క మాత్రం తిట్లు చూసింది. ‘చావు ముందైనా నోరు కడుక్కోవురా నువ్వు’ అంది. ఆమె మాట కాదనలేక రెండో అంశంలో ‘మా అన్న’ అన్న మాటకు ముందున్న ఒక మాట కొట్టేశాను. కొట్టేసినా కనబడుతుంది. కొట్టేసిన చోట నా పూర్తి సంతకం: ఎలిసేయో మన్లాపిగ్.

ఏడు. మా అన్న ఆర్తేమియో మన్లాపిగ్‌కి.

అన్నయ్యా, ఆస్తిలో నీకేమీ లేదని పైన చదివావు. ఇంకోసారి రాస్తున్నాను, చెరువులో పడకుండా చుక్క పెట్టి: నీకేమీ లేదు. నాకు పిల్లలు లేరు, అమ్మానాన్నలు లేరు. తోడబుట్టినవాడికి ఇచ్చి తీరాలని చట్టం నన్ను బలవంతపెట్టదు. కనుక్కునే రాశాను.

అయితే ఒకటి ఇస్తాను. నాన్న ఇంట్లో ఉండిన పునీత రోకే విగ్రహం, ఆయన పాదాల దగ్గరి కుక్కతో సహా. చీట్లలో అది నాకు వచ్చిన రోజు నీ మొహం చూశాను. పండగ ఊరేగింపులో ఆయన వెనక కొవ్వొత్తి పట్టుకుని ముందు వరసలో నడిచేవాణ్ణి చూసి పేట పెద్ద ఎన్నికలో జనం ఓట్లేస్తారని నీకు తెలుసు. రెండుసార్లు ఓడిపోయావు. రెండుసార్లూ ఆయన వెనక నడిచింది నేను, కావాలనే, వేరుశనగలు నములుతూ.

విగ్రహం కావాలంటే షరతు ఒకటే. నాన్న కళ్ళజోడు నీ దగ్గరే ఉంది. ఆ రోజు జేబులో పెట్టుకున్నావు, తిరిగి పెట్టలేదు. ఆయన కళ్ళజోడు లేకుండానే పోయాడు. అది పెట్టుకో. కోర్టులో నిలబడు. ఈ కాగితాన్ని మొదటి మాట నుంచి చివరి చుక్క దాకా, అక్క ఎదురుగా, పైకి చదువు. మూడో అంశం దగ్గర గొంతు ఆరితే నీళ్ళు తాగొచ్చు, దాటేయకూడదు. చదివాక ఇది మా తమ్ముడి రాతే అని చెప్పు. విగ్రహం అప్పుడే నీది. చదవనంటే పునీత రోకే ఓన్యోంగ్ మంగలి దుకాణంలో, అద్దం పక్కన, జుట్టు మధ్య నిలబడతాడు. ఆయన ఓన్యోంగ్‌ని ఎన్నికల్లో నిలబెట్టినా నిలబెడతాడు.

ఇంకో దారి ఉందని నీ అటార్నీ నీ చెవిలో ఊదుతాడని తెలుసు. ఈ రాత వాడిది కాదు, దొంగరాత అని నువ్వు ఎదురు తిరిగితే, నా రాత ఎరిగిన ముగ్గురు కోర్టులో ప్రమాణం చెయ్యాలి. ఓన్యోంగ్ ఒకడు. పూరా గారితో ఇద్దరు. అక్క లాభం పొందే మనిషి, ఆమె మాట సగమే నమ్ముతారు. మూడోవాడు ఏడీ అని మీరిద్దరూ నవ్వుకుంటారు.

నాన్న వీలునామా వ్యాజ్యంలో నేను నీకు పంపిన కార్డు గుర్తుందా? నిన్ను మురిగిన గుడ్డులా బొమ్మ గీసి, కింద నాలుగు మాటలు రాసి పంపాను. వీడికి నా మీద ఎంత పగో చూడండి అని దాన్ని నువ్వే జడ్జి గారి ముందు పెట్టావు. ఇది అతని రాతేనని ఎలా చెప్పగలరు అని అడిగారు. నువ్వు బైబిలు మీద చెయ్యి వేసి, గుండెనిండా ఊపిరి తీసుకుని చెప్పావు: ‘వాడికి అక్షరాలు దిద్దించింది నేనే. ఎక్కడ చూసినా గుర్తుపడతాను.’ ఆ మాట కోర్టు రికార్డులో ఉంది. నకలు తీసుకున్నాను. అన్ని పుటలూ చదివాను. చుక్కలు కూడా సరిగ్గా ఉన్నాయి.

నిజమే అన్నయ్యా. దిద్దించింది నువ్వే. షెడ్డు నేల మీద ఊక పరిచి, నా వేలు పట్టుకుని. ఆ చేత్తోనే ఇది రాశాను.

ఎనిమిది. నా గాలం, నా మూడు కాళ్ళ కుర్చీ, నేను పోయాక కూడా పెరిగే మిరపమొక్క అక్కవి. అక్కా, ఆ ట్రైసికిళ్ళవాడి గోడకి మిరపమొక్క ఆనించు. ఘాటు వాడికి పోనీ.

ఈ వీలునామా మొత్తం ఏడు పుటలు. ప్రతి పుట ఎడమ అంచున నా సంతకం, పైన దాని అంకె ఉన్నాయి. రెండుచోట్ల దిద్దాను, రెండింటికీ సంతకం ఉంది. ఎక్కడా ఖాళీ లేదు. వాక్యం ముగిసి జాగా మిగిలిన చోటల్లా అంచు దాకా గీత కొట్టాను.

పతేరోస్‌లో, మా షెడ్డులో, 2011 ఆగస్టు పద్దెనిమిదో తేదీ గురువారం, పట్టపగలు, అందరూ చూస్తుండగా రాసి ముగించాను.

(సంతకం) ఎలిసేయో మన్లాపిగ్

నా రాత ఎరిగిన సాక్షులు:

ఒకటి. లియోన్‌సియో దిమయాకోర్, మంగలి. చదివి సంతకం పెట్టాడు.

రెండు. పూరిఫికాసియోన్ లిన్సాంగన్, పాటల బృందం. చదివి, పుటలు లెక్కపెట్టి సంతకం పెట్టింది.

మూడు. ఆర్తేమియో మన్లాపిగ్, అన్న. ఈయన సంతకం అక్కర్లేదు, ఇదివరకే ప్రమాణం చేశాడు. సంతకం చోట ఖాళీ లేకుండా గీత కొట్టాను.